స్టేషన్ పవర్ తగ్గించనక్కర్లేదు, రేడియో తిప్పితే చాలు

సంపాదకుడు గారికి,

విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం మా ప్రాంతంలో దూరపు స్టేషన్లను వినబడనివ్వడం లేదని, కాబట్టి దాని పవర్ తగ్గించాలని ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. దూరపు స్టేషన్ల వేట నాకూ ముప్పై ఏళ్ల అలవాటు కనుక ఆయన చిరాకు అర్థమైంది గానీ, ఆయన చెప్పిన మందు నాకు నచ్చలేదు.

837 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్లతో బయలుదేరిన ప్రసారం తడి ఆరని వరిచేల మీదుగా భీమవరం వైపు వస్తే గట్టిగా వినబడక ఏం చేస్తుంది? మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అంటుకుని సాగుతాయి, చెమ్మ నేల వాటిని అంతగా మింగదు. డెల్టాకు ఈ బలం అవసరమే. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను ఊడ్చేసిన సంగతి మరచినవారెవరూ లేరు. కరెంటు స్తంభాలు నేలకొరిగిన రోజుల్లో బ్యాటరీ రేడియోకు అందే పెద్ద స్టేషన్‌ను మనకై మనమే చిన్నది చేసుకుంటామా?

ఇక వినోదం సంగతి. ట్రాన్సిస్టర్ లోపల అడ్డంగా పడుకుని ఉండే ఫెర్రైట్ కడ్డీయే మీడియం వేవ్‌కు ఏరియల్. దాని కొన ఏ స్టేషన్ వైపు చూస్తే ఆ స్టేషన్ అంత సన్నగిల్లుతుంది. భీమవరానికి విజయవాడ ఇంచుమించు నేరుగా పడమర కనుక, రేడియోను పొడవునా తూర్పు పడమరలుగా పెడితే చాలు. నేను కొత్తలో అహ్మదాబాద్ 846ను పట్టింది ఇలాగే. మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే కావడంతో అది ఎప్పుడూ విజయవాడ నీడలోనే ఉండేది. ఒకనాడు తెల్లవారుజామున అరుగు మీద పీట వేసి, దాని మీద రేడియో పెట్టి, పీటను వేలితో కొద్దికొద్దిగా జరుపుతూ పోగా ఒకచోట తెలుగు మాట లోపలికి కుంగిపోయి గుజరాతీ పైకి తేలింది. మరో అంగుళం జరిపితే మళ్లీ మామూలే. రాత్రివేళ తరంగాలు ఆకాశం నుంచి కూడా దిగుతాయి కనుక ఈ ఉపాయం అంత శుభ్రంగా పనిచేయదని ఒప్పుకోవాలి.

అసలు పొరపాటు చాలామంది ఏరియల్ దగ్గర చేస్తారు, నేనూ చేశాను. రెండు కొబ్బరిచెట్ల మధ్య ముప్పై మీటర్ల తీగ కట్టి రేడియోకు తగిలించాను. లక్నో ఉండవలసిన 747 దగ్గర విజయవాడ పాట, విశాఖపట్నం వార్తలు ఒకదాని మీద ఒకటి పడి వినిపించాయి. ట్రాన్స్‌మిటర్లు చెడిపోయాయనుకుని ఫిర్యాదు సగం రాసేశాను కూడా. తరువాత కాగితం మీద లెక్క వేస్తే, 837ను రెట్టింపు చేసి విశాఖ 927ను తీసేస్తే మిగిలేది సరిగ్గా 747. ఆ కలగాపులగం గాలిలో లేదు, తీగ మోసుకొచ్చిన బలానికి తట్టుకోలేని నా రేడియోలో పుట్టింది. తీగ ఊడదీయగానే 747 శుభ్రపడింది, విజయవాడ మాత్రం దాని చోట అది నిక్షేపంగా పలికింది. పాత రేడియో కాయిల్‌ను, గ్యాంగ్ కండెన్సర్‌ను (స్టేషన్లు మార్చడానికి తిప్పే భాగాన్ని) పక్కపక్కన కలిపి, ఆ జంటను తీగకూ రేడియోకూ నడుమ పెట్టి 837ను అడ్డుకునేలా సరిచేసుకున్నాక తీగ మళ్లీ ఎక్కింది. ఖర్చు దాదాపు లేదు. కొన్ని సెట్లకు వెనుక ‘లోకల్–డీఎక్స్’ (దగ్గరి–దూరపు స్టేషన్లు) అని చిన్న స్విచ్ ఉంటుంది, లోపలికి వచ్చే బలాన్ని తగ్గించే ‘లోకల్’ వైపు దాన్ని జరిపి చూసినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

తీగ తీసేసినా, రేడియో మార్చినా, పక్క ఊరికి వెళ్లి విన్నా స్టేషన్ తన చోటు కాని చోట పలుకుతుంటే అప్పుడది ట్రాన్స్‌మిటర్ లోపమే కావచ్చు. అలాంటి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలుగులో చెప్పే నాథుడు లేకపోవడం నా అసలు బాధ. ఆ చిరునామాను వారానికొకసారి ప్రసారంలోనే చదివించవచ్చు.

దానితోపాటు మరొక చిన్న కోరిక. మరమ్మతుల కోసం ట్రాన్స్‌మిటర్‌ను ఆపే రోజుల్లో ముందునాటి సాయంత్రమే ఫలానా వేళకు ఆగుతుందని ఒక్క మాట చెప్పించండి. ఆ కాసేపట్లో 837 అడుగున ఎవరు పలుకుతున్నారో విని రాసుకోవడానికి మాలాంటివాళ్లం పుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటాం.

భవదీయుడు,
ఒక పాత శ్రోత,
భీమవరం దగ్గరి పల్లె నుంచి