గది ఉంది, పట్టిక ఉంది, మనిషి లేడు: వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

వృద్ధుల నివాస సముదాయాల్లో ఉంటున్న మా గోడును వినతిపత్రాల రూపంలో మీ కార్యాలయానికి ఇదివరకే పలుమార్లు విన్నవించుకున్నాం. ప్రతిసారీ ‘తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారులకు పంపడమైనది’ అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చింది. ఆ సంబంధిత అధికారులెవరో, ఆ తగు చర్య ఏమిటో మాకు ఇంతవరకు తెలియలేదు. మర్యాద తప్పే ఉద్దేశం ఎంతమాత్రం లేకపోయినా, ఇక నలుగురూ చదివేలా రాయక తప్పడం లేదు.

మా ఫిర్యాదు భోజనం గురించి కాదు, మందుల గురించీ కాదు. అవి వేళకు అందుతున్నాయి; అందిస్తున్న సిబ్బందికి మేము రుణపడి ఉన్నాం. పొద్దుటి పనులన్నీ ముగిసిన తరువాత చీకటి పడేదాకా మిగిలే కాలం గురించే మా బాధంతా. ప్రతి సముదాయంలోనూ శిక్షణ పొందిన యాక్టివిటీ కోఆర్డినేటర్ ఒకరు ఉంటారనీ, నివాసితుల ఇష్టాలు అడిగి తెలుసుకుని కార్యక్రమాలు రూపొందిస్తారనీ మీరు మాట ఇచ్చారు. మాలో కొందరు సొంత ఇల్లు వదిలి ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నది ఆ మాట మీదనే. ఇల్లు ఖాళీ చేసి వచ్చాం కానీ ఆ కోఆర్డినేటర్ మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆ బాధ్యతను ఫోన్లు ఎత్తి, బిల్లులు రాసే ఉద్యోగినికే అదనంగా అప్పగించారు. ఆ అమ్మాయిని తప్పు పట్టలేం. రెండు ఫోన్ల మధ్య దొరికే తీరికలో ఆమె ఎంతమందితో మాట్లాడగలదు, ఎవరికి ఏమి ఇష్టమో ఎప్పుడు అడగగలదు?

తనిఖీ జరిగే తీరు మీకు ఎవరూ చెప్పి ఉండరు గనుక నేనే చెబుతాను. తనిఖీ అధికారి కాలక్షేపానికి గది ఉందా అని అడుగుతారు, ఉంది. కార్యక్రమాల పట్టిక ఉందా అని అడుగుతారు. నోటీసు బోర్డు మీద రంగుల్లో అచ్చువేసి ఉంది. ఫొటోలు ఉన్నాయా అంటే అవీ ఉన్నాయి. మూడు గడుల్లో మూడు టిక్కులు పడతాయి, అధికారి సంతకం చేసి వెళ్లిపోతారు. ఆ గదిలో చదరంగం బల్లలు, పుస్తకాల అల్మరా పోతాయేమోనన్న భయంతో దానికి తాళం వేసి ఉంచుతారనీ, తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటుందనీ, ఆయన సెలవు పెడితే ఆ గది కూడా సెలవులో ఉంటుందనీ ఏ గడిలోనూ రాసుండదు. పట్టికలో ఉన్న వ్యాయామం, పఠనం, సంగీతం అన్న మూడు మాటలు ఎంతోకాలంగా మారలేదన్నది కూడా ఎవరూ గమనించరు. హాల్లో టీవీ పెట్టి కుర్చీలు వరుసగా వేస్తే రికార్డుల్లో అది ‘సామూహిక కార్యక్రమం’ అవుతోంది. ఆ కుర్చీల్లో కూర్చున్నవారు ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడుకున్నారా అని ఎవరైనా అడిగితే కదా తెలిసేది!

అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, మా దగ్గరకు చాలామంది వస్తారు. శాలువాలు, పూలదండలు, ఉపన్యాసాలు, కెమెరాలు అన్నీ ఉంటాయి. వచ్చినవారి ఆప్యాయతను మేము తక్కువ చేయడం లేదు. అయితే ఆ రోజు మా పక్కన కూర్చుని చేయి పట్టుకుని మాట్లాడినవారిలో ఒక్కరైనా నెలకొకసారి మళ్లీ వచ్చే ఏర్పాటు మీ శాఖ చేసి ఉంటే, మాకు ఏ శాలువా అక్కర్లేదు.

జరిగే కొద్దిపాటి కార్యక్రమాలు కూడా అందరికీ అందడం లేదు. వినికిడి తగ్గినవారికి యాభై మంది ఉన్న హాల్లో మైకు మోతలో ఒక్క ముక్కా అర్థం కాదు. నాలుగుసార్లు వచ్చి చూసి, ఐదోసారి గదిలోనే ఉండిపోతారు. వారికి ఆసక్తి లేదని అప్పుడు రిజిస్టరులో రాస్తారు. ఆరుగురేడుగురితో చిన్న బృందాలు చేసి, వెలుతురున్న చోట ఎదురెదురుగా కూర్చోబెడితే వారే అందరికంటే ఎక్కువ మాట్లాడతారు. చూపు మందగించినవారికి పెద్ద అక్షరాల పుస్తకాలు గానీ, చదివి వినిపించే మనిషి గానీ కావాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారిని కిందికి తీసుకురావడానికి ఆ వేళకు ఆయా ఖాళీగా ఉండాలి. జ్ఞాపకశక్తి తగ్గుతున్నవారిని అసలు పిలవడమే మానేశారు. పేర్లు మరచిపోయినవారు కూడా చిన్ననాటి పాట వింటే గొంతు కలుపుతారన్న సంగతి వారిని చూసుకునే ప్రతివారికీ తెలుసు. ఇక జీవిత భాగస్వామిని పోగొట్టుకుని ఈ మధ్యనే వచ్చినవారి మాట. వారిని తలుపు తట్టి పిలిచేవారుండాలి. నోటీసు బోర్డు ఎవరి తలుపూ తట్టదు.

ఇదంతా ముసలివాళ్ల సరదాల గొడవ అని మీ అధికారులు అనుకుంటే, దయచేసి వారిని ఆరోగ్య శాఖ వారితో ఒకసారి మాట్లాడమనండి. 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి పరిశీలించి 2010లో ప్రచురించిన విశ్లేషణలో, నలుగురితో బలమైన సంబంధాలున్నవారు జీవించి ఉండే అవకాశం మిగతావారికంటే 50 శాతం ఎక్కువని తేలింది. డిమెన్షియాపై (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బుపై) లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం మార్చుకోగల 14 ముప్పు కారణాల్లో నలుగురికీ దూరమై ఒంటరిగా ఉండిపోవడాన్నీ, వినికిడి లోపాన్నీ చేర్చింది. 65 ఏళ్లు దాటినవారు వారంలో కనీసం 3 రోజులు శరీరం తూలిపోకుండా నిలదొక్కుకునే శక్తినీ, కండరాల బలాన్నీ పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పడిపోయి తుంటి విరిగిన తరువాత అయ్యే ఖర్చును, పడకుండా కాపాడే వ్యాయామ శిక్షకుడి జీతంతో ఒక్కసారి పోల్చి చూడమని వేడుకుంటున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, ఎంచుకునే హక్కు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో వృద్ధులను ఉంచి చూసుకునే ఒక నర్సింగ్ హోంలో చేసిన అధ్యయనం 1976లో వెలువడింది. ఒక అంతస్తు వారికి మీ సంగతులు మీరే నిర్ణయించుకోండని చెప్పి, మొక్కను ఎంచుకుని పెంచుకోనిచ్చారు, సినిమా ఏ రోజు చూడాలో తేల్చుకోనిచ్చారు. మరో అంతస్తు వారికి మొక్కలూ సినిమాలూ ఇచ్చారు కానీ నిర్ణయాలన్నీ సిబ్బందివే. మొదటివారే ఎక్కువ చురుగ్గా, ఎక్కువ ఉత్సాహంగా కనిపించారు. ఆ దేశంలో నర్సింగ్ హోంలు నివాసితుల ఇష్టాయిష్టాలను బట్టి, అర్హత గల వ్యక్తి ఆధ్వర్యంలో కార్యక్రమాలు నడపాలని ప్రభుత్వ నిబంధనే ఉంది. ఇక్కడ మమ్మల్ని ఏ బొమ్మకు రంగు వేస్తారని కూడా అడగరు. పసిపిల్లల పుస్తకంలోని బొమ్మ ఇచ్చి, వేసిన తరువాత చప్పట్లు కొడతారు. జీవితమంతా బడి నడిపిన మనిషికి, బ్యాంకు లెక్కలు చూసిన మనిషికి, పదిమందికి కుట్టుపని నేర్పిన మనిషికి ఆ చప్పట్లు ఎంత కష్టంగా ఉంటాయో ఊహించండి. మాకు కావలసింది వినోదం ఒక్కటే కాదు. మేము చేయగలిగిన పని, మా అవసరం ఉన్న మనుషులు కావాలి. దగ్గరలోని బడి పిల్లలకు చదువు చెప్పగలవారు మాలో ఉన్నారు, తోట చూడగలవారున్నారు, అర్జీలు రాసిపెట్టగలవారున్నారు. వృద్ధులకు తమ సామర్థ్యాన్ని పెంపొందించుకునే అవకాశం ఉండాలని 1991లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన సూత్రాల్లోనే ఉంది. 2021 నుంచి 2030 వరకు ‘ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్ది’ అని ప్రకటించినదీ ఆ సంస్థే. ఆ దశాబ్దిలో సగం గడిచిపోయింది. మా వయసులో గడిచిన కాలాన్ని మళ్లీ పూడ్చుకోవడం సాధ్యం కాదు, అయ్యా.

అందుచేత ప్రాధేయపడుతున్నాం. కోఆర్డినేటర్ పోస్టులను వేరే పనులు అంటగట్టకుండా భర్తీ చేయండి. వారికి శిక్షణ ఇప్పించండి. తనిఖీ పత్రంలో గది ఉందా అన్న ప్రశ్న పక్కన, ఈ వారం ఎంతమంది వచ్చారు, రానివారు ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలు చేర్చండి. వాటికి జవాబు మేనేజరును కాదు, మమ్మల్ని అడగండి. తాళంచెవిని నివాసితుల సంఘానికి ఇప్పించండి. సాయంత్రాలు, సెలవు రోజులు మాకు మరీ భారంగా గడుస్తున్నాయి కనుక ఆ వేళల్లో కూడా మనిషి ఉండేలా చూడండి. ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ముందు ఆ మనిషిని పంపండి. గది, బల్లలు, పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి.

ఈ లేఖను కూడా సంబంధిత అధికారులకు పంపకుండా, పోస్టులు ఏ తేదీలోగా భర్తీ అవుతాయో మీ సంతకంతో తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు
భవదీయుడు,
నివాసితుల సంఘం తరఫున ఒక నివాసి