కిట్టూ, 24 ఏదిరా?

గుంటూరు, పట్టాభిపురం
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి కిట్టుకి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ మేం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. మెట్లెక్కొద్దంటే వినదు, నిన్న కూడా డాబా మీద వడియాలు పెట్టి వచ్చింది. ఫిబ్రవరి దాటకుండానే ఎండ మాడ్చేస్తోంది. వెనకింటి వాళ్ళు బోరు వేయించారు, రెండ్రోజులు ఇల్లంతా దుమ్ము. మిర్చి యార్డుకి కొత్త కాయ దిగుతోంది. పొద్దున నడకకి వెళ్తే మిర్చి లారీ ఒకటి పక్కనుంచి పోయింది, ఆ ఘాటుకి మళ్ళీ కొట్లో కూర్చుని పద్దులు రాస్తున్నట్టే అనిపించింది.

బుజ్జి రేపు రాత్రి బండికి హైదరాబాదు బయల్దేరుతున్నాడు. వాడి చేతికి గోంగూర, కారప్పొడి, సున్నుండలు ఇస్తున్నాం. ఆ సంచిలోనే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే ‘మీటింగులో ఉన్నా నాన్నా’ అని పెట్టేస్తున్నావు. అందుకే కాగితం పట్టాను.

వంటింటి గోడ మీది క్యాలెండరు ఈసారి బాగా పెద్దది వచ్చింది, గళ్ళు కూడా పెద్దవి. నువ్వు సిగరెట్టు మానేసిన మొదటి రోజు, కనుమ మర్నాటి గడిలో 1 అని రాశాను. రోజూ రాత్రి నువ్వు పంపే అంకె చూడ్డం, కళ్ళజోడు వెతుక్కోవడం, పెన్సిల్‌తో ఆ గడిలో రాయడం. 23 దాకా ఉన్నాయి. ఆ తర్వాత 19 గళ్ళు ఖాళీ. పని ఒత్తిడేమోలే అనుకున్నాను. దాని సంగతి అడగడానికి కాదు ఈ ఉత్తరం.

బ్రాడీపేట మామయ్య వాళ్ళు ఇల్లు మారారు. కింది వాటా, వెలుతురు తక్కువ. గృహప్రవేశం రోజున నీకు రెండుసార్లు ఫోన్ చేశాడట, ఎత్తలేదన్నాడు. పెద్దవాళ్ళు చేస్తే కనీసం తర్వాతైనా తిరిగి చెయ్యాలి కదరా. పుల్లయ్య తాత వాళ్ళ కుక్క పోయింది. చిన్నత్త వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది. మాటల్లో మాటగా ఆమె నోరు జారింది. మీ ఆఫీసు కింద టీ కొట్టు, సాయంత్రం, నీ చేతిలో సిగరెట్టు. బుజ్జిని ఏమీ అనకు. వాడు మాకు చెప్పలేదు, వాళ్ళమ్మకి చెప్పుకున్నాడు.

నిజం రాస్తాను. విన్నది నమ్మాను. నువ్వు సిగరెట్టు ముట్టుకున్నందుకు నాకు కోపం రాలేదు. అంకె పంపడం మానేసినందుకు వచ్చింది.

సిగ్గుపడి దాక్కున్నావని నాకు తెలుసు. ఎలా తెలుసంటావా, నేనూ దాక్కున్నవాణ్ణే. మీ అమ్మకీ, ఇంకొక్కరికీ తప్ప ఎవరికీ తెలియని సంగతి, నీకూ ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు పుట్టిన ఏడాది మానేద్దామనుకున్నాను. కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్ళి, స్వామి దగ్గర మనసులోనే అనుకుని వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే, మానలేకపోతే పరువు పోతుందని. నాలుగో రోజు గోడౌను వెనక నిలబడి కాల్చాను. నేను ఒట్టు పెట్టుకున్నానని తెలిసినవాళ్ళెవరూ లేరు, తప్పానని తెలిసినవాళ్ళూ లేరు. ఎంత సుఖంగా తప్పించుకున్నానో! అలా మూడుసార్లు. రోజుకి రెండు పెట్టెలు ఊదేవాణ్ణి ఆ రోజుల్లో. పైన మిర్చి ఘాటు ఒకటి. రాత్రిళ్ళు దగ్గుతుంటే నువ్వు ఉలిక్కిపడి లేచేవాడివి.

నాలుగోసారి హమాలీల మేస్త్రి బాబాయ్ వల్ల. నీకు గుర్తుండే ఉంటాడు, నిన్ను టిక్కీల మీద, అదే మిర్చి బస్తాల మీద, కూర్చోబెట్టి ఆడించేవాడు. ఒకరోజు మధ్యాహ్నం కాటా దగ్గర నాకు దగ్గు తెర ఆగలేదు. చీటీ రాస్తూ పెన్ను వదిలేసి గోడ పట్టుకున్నాను. అతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, ‘గుమాస్తాగారూ, మీరు పెట్టె పారేస్తే నేను బీడీ కట్ట పారేస్తా’ అన్నాడు. నేను వద్దనే లోపే బీడీ కట్ట తీసి నా బల్ల సొరుగులో పడేశాడు. ఇక నాదీ పెట్టక తప్పలేదు. సాయంత్రానికల్లా హమాలీలందరికీ తెలిసిపోయింది. కొట్టు సేటుకి తెలిసింది. గేటు దగ్గర బడ్డీ కొట్టు అతనికీ మేస్త్రే చెప్పేశాడు. రెండో రోజే నేను చెయ్యి చాపితే, ‘మీకివ్వనండి, మేస్త్రికి మాటిచ్చా’ అని సోంపు పొట్లం చేతిలో పెట్టాడు. ఆ క్షణంలో అతని మీద ఎంత కోపమొచ్చిందో. ఇప్పుడు తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఒప్పందం ఒకటే. నోరు పీకినప్పుడు ఎవరి పాటికి వాళ్ళు నలిగిపోకూడదు, రెండోవాడి దగ్గరికి రావాలి. ఇద్దరం కలిసి కొట్టు నుంచి గేటు దాకా, గేటు నుంచి కొట్టు దాకా. తిరిగొచ్చేసరికి ఆ యావ దిగిపోయేది. అది నాలుగైదు నిమిషాల సంగతేరా, ఎంత గట్టిగా వచ్చినా. మీ అమ్మ వాము, శొంఠి ముక్కలు కలిపి తగరపు డబ్బాలో పోసిచ్చేది. జేబులో అది గలగలమంటుంటే హమాలీలు ‘గుమాస్తాగారు వస్తున్నారు’ అనుకునేవాళ్ళు.

11వ రోజు తప్పాను. ఒక లాటు కాటా లెక్క తేలలేదు, రైతు అరిచాడు, సేటు అందరి ముందూ ఒక మాట అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి యార్డు బయటకి వచ్చి, మనల్ని ఎరగని కొట్టు వెతుక్కుని మరీ కొన్నాను. ఒక్కటే. మర్నాటి నుంచి మేస్త్రి కంట పడకూడదని వేరే గేటులోంచి వెళ్ళడం మొదలుపెట్టాను. అతను పలకరిస్తే పద్దు పుస్తకంలో తల దూర్చేవాణ్ణి. రెండ్రోజులు చూశాడు. మూడోరోజు తెల్లారకుండానే సైకిలేసుకుని మన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇస్తే తాగలేదు. నేను తలుపు తీయగానే ఒకటే అడిగాడు: ‘ఎత్తేటప్పుడు ఒక టిక్కీ జారి కింద పడిందనుకోండి, లారీ మొత్తం దించేస్తామా?’

ఆ అరుగు మీద కూర్చుని ఏడ్చాను కిట్టూ. నువ్వు లోపల నిద్రపోతున్నావు.

ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు. మేస్త్రి మాత్రం రెండుసార్లు జారాడు, రెండుసార్లూ నా దగ్గరికే వచ్చి చెప్పాడు. అతను నాకంటే గొప్పవాడు.

పొగాకుని తిట్టిపోయడం నాకు చేతకాదు. తాతయ్య పొగాకు వేసే నన్ను చదివించాడు. పచ్చాకు కొట్టి వచ్చిన రోజు ఆయన అరచేతులకి నల్లటి జిగురు పట్టి, అన్నం కలుపుకోవడానికి తెగ రుద్దుకునేవాడు. పొగాకు బోర్డు 1976 నుంచి మన ఊళ్ళోనే ఉంది, ఆ పంట మీద బతికిన ఇళ్ళు ఎన్నో. పంట సంగతి వేరు, నీ ఛాతీ సంగతి వేరు.

ఇప్పుడు మా రోజుల్లో లేని సౌకర్యాలున్నాయి. సిగరెట్టు పెట్టె మీదే 1800 11 2356 అని అచ్చేస్తున్నారు చూడు, డబ్బులు పడవు. చేసి మాట్లాడు, వాళ్ళు ఆ పనికే కూర్చున్నారు. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది. కానీ మామూలు గమ్‌లా అదేపనిగా నమలకూడదట. కాస్త నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఉంచాలి, తగ్గాక మళ్ళీ నమలాలి. దానికి ముందు పావుగంటలో కాఫీ తాగితే సరిగా పట్టదు. నువ్వా, కాఫీ లేకుండా నోరు కడగవు. దాంతో లాభం లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు, మాత్రలు కూడా ఉన్నాయి. సొంతంగా మాత్రం కొనుక్కుని వేసుకోకు. మానిన కొత్తల్లో నిద్ర పట్టదు, ఊరికే విసుగు, ఆకలి, విరేచనం సాఫీగా అవదు. రాత్రి అన్నం తిన్నాక ఒక అరటిపండు తిను, నీళ్ళు తాగు. కొన్నాళ్ళు దగ్గు ఎక్కువైనా భయపడకు. ఆపిన 12 గంటలకే రక్తంలో పొగ వల్ల చేరిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గాలి తగ్గిపోతుంది, ఏడాదికి గుండె ముప్పు కాల్చేవాడితో పోలిస్తే సగానికి వస్తుంది. చాలామంది ఒకసారికి మానలేరు, నాలుగైదుసార్లు పడి లేచినవాళ్ళే.

ఉపన్యాసం ఇవ్వనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను. సరే, ఇంకొక్కటి. నీ రూమువాళ్ళకి చెప్పు. ఆ టీ కొట్టు అతనికి కూడా చెప్పు, నాకు ఇవ్వకు అని. బుజ్జి పక్క వీధిలోనే ఉంటాడు, వాణ్ణి నీ మేస్త్రి చేసుకో. నోరు పీకినప్పుడు వాడికి ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయితే నాకు చెయ్యి. నాకు ఎలాగూ రెండింటికి మెలకువ వస్తుంది.

సంచిలో పైన గోంగూర సీసా ఉంది, మూత బిగించాను గానీ నిలబెట్టే ఉంచు. సున్నుండలు చీమలు పట్టకుండా చూసుకో, రూములో అందరికీ పంచు. కిందన గుడ్డలో చుట్టింది ఆ తగరపు డబ్బానే. అమ్మ పాత సామాన్లలోంచి తీసి తోమింది, వాము, శొంఠి కొత్తగా పోసింది. మూత కాస్త వదులు, చొక్కా పై జేబులోనే పెట్టుకో.

రాత్రికి అంకె పంపు. 1 అయినా సరే. పెన్సిల్ చెక్కి క్యాలెండరు దగ్గరే పెట్టాను. మామయ్యకి ఫోన్ చెయ్యడం మర్చిపోకు.

నాన్న