అమ్మణ్ణికి, ఒక్కదానికే

తిరుపతి

అమ్మణ్ణీ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఇక్కడ హాస్టల్లో ఎవరూ నన్ను 'నువ్వు అక్కవా, చెల్లెలివా' అని అడగరమ్మా. ఎంత హాయిగా ఉందో" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీకొక్కదానికే ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలు.

మీ కవలలిద్దరికీ మూడేళ్లప్పుడు కొండ మీద కల్యాణకట్టలో గుండు చేయించాం. ఒకే రకం గౌన్లు, నున్నటి గుండ్లు, గంధం. నీ చెవి వెనక పుట్టుమచ్చ చూస్తే గానీ మీ నాయనకే తెలియలేదు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుంటే నేను పొంగిపోయాను.

ఆ ఏడే ఇద్దరికీ జ్వరం వచ్చింది. కరెంటు పోయిన చీకట్లో మందు అక్కకే రెండుసార్లు తాగించాను. నీ ఒళ్లు తెల్లవార్లూ కాలిపోతూనే ఉంది. అక్కకేమవుతుందోనని ఒక టెన్షన్, నీకు పట్టలేదని ఒక ఏడుపు. తెల్లారగానే నీ కాలికి నల్లదారం కట్టాను. అవ్వతో సహా అందరూ దిష్టికనుకున్నారు. అసలు సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఒకరి చోటికి ఒకరు వెళ్తారు. కవలలంటే అంతే అన్నట్టు జనం మీ దగ్గరా అదే ఎదురుచూశారు. "పరీక్ష ఒకరిది ఇంకొకరు రాస్తారా?" అని ఎంతమంది అడిగారో! నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. నువ్వు నవ్వేదానివి కాదు.

నకుల సహదేవులని ఒక్క గుక్కలో అంటాం. విరాటుడి కొలువులో నకులుడు గుర్రాలు చూసుకున్నాడు, సహదేవుడు ఆవుల్ని. లవకుశుల్లో, ఉత్తరకాండ ప్రకారం, కుశుడే పెద్దవాడు. పెద్దయ్యాక రాముడు కుశుడికి కుశావతి, లవుడికి శ్రావస్తి ఇచ్చాడు. చెరో ఊరు. నువ్వు విశాఖలో చదువుతానంటే "అక్కను వదిలి ఎట్లా ఉంటావే" అని నేను ఏడ్చి గొడవ చేశానే, అప్పుడు ఇది గుర్తుకొచ్చి ఉంటే నిన్ను నవ్వుతూ బస్సెక్కించేదాన్ని.

ఒకే అండం రెండుగా విడిపోయి మీరిద్దరూ పుట్టారని డాక్టరమ్మ చెప్పింది. అలాంటి కవలలకు కూడా వేలిముద్రలు వేరేనట. వేళ్ల మీద ఆ గీతలు కడుపులో ఉండగానే పడతాయి. లోపల ఎవరు ఎటు తిరిగారు, ఏ వేలు దేనికి ఒత్తుకుంది, అలాంటి చిన్నచిన్న తేడాలతో మారిపోతాయట. నా కడుపులోనే నీ గీత నువ్వు గీసుకున్నావు. నేనే చూడలేదు.

దసరాకి బట్టలు తీయాలి. ఈసారి జతగా తీయను. అక్క నీలం కావాలంది. నీకేం కావాలో నువ్వే చెప్పు. నల్లదారం ఇంకా ఉంటే తీసెయ్.

మీ అమ్మ... కాదు,
నీ అమ్మ