నరాలను కాపాడే మందు ఏదీ?

కీమోథెరపీ వల్ల నరాలు దెబ్బతినకుండా ముందే కాపాడుతుందని రుజువైన మందు ఇప్పటికీ లేదు. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ వంటి కీమో మందులు ఎక్కించుకున్న చాలామందికి చేతులు, పాదాలు మొద్దుబారతాయి. మా అక్కకు గుండీలు పెట్టుకోవడం గగనమైంది, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. డోసు తగ్గిస్తారేమోనన్న భయంతో ఆ సంగతి డాక్టరుకు చెప్పనేలేదు! నరాలకు మంచిదని నమ్మిన ఎసిటైల్-ఎల్-కార్నిటిన్ అనే సప్లిమెంట్ ఈ నరాల బాధను ఇంకా పెంచిందని 2013లో వెలువడిన ఒక ట్రయల్‌లో తేలింది. అందుకే సొంతంగా సప్లిమెంట్లు మింగడం ప్రమాదం. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లోనూ నివారణకు ఏ మందునూ సిఫారసు చేయలేదు. డులాక్సెటిన్ అనే మందు ఉన్నా, అది నొప్పి మొదలయ్యాక వాడేదే. నరాల తంతువులను కూల్చే సార్మ్1 ప్రొటీన్‌ను అడ్డుకునే మందులపై పరిశోధన సాగుతోంది. వాటికి ప్రభుత్వాలు నిధులివ్వాలి. ఆక్సాలిప్లాటిన్ ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగవచ్చు కాబట్టి ట్రయల్స్‌లో రోగులను అంతకాలమూ గమనించాలి. కొత్త మందు నరాలతో పాటు కణితినీ కాపాడటం లేదని తేల్చుకోవాలి. విఫలమైన ఫలితాలనూ దాచకుండా ప్రచురించాలి. ఈలోగా ప్రతి డోసుకు ముందూ ‘తిమ్మిరి ఉందా, గుండీలు పెట్టుకోగలుగుతున్నారా’ అని రోగిని అడిగి, జవాబు కేస్‌షీట్‌లో రాయడం తప్పనిసరి చేయాలి.