రివాల్వరా, పిస్టలా? మా హోల్‌స్టర్ల పనిలో మార్పుల గురించి

చెన్నై పెరియమేట్‌లోని మా తోలు షాపుకి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. ఈసారి బ్యాగులు, పర్సుల సంగతి పక్కనపెట్టి హోల్‌స్టర్ల గురించే, అంటే తుపాకీని నడుముకి పెట్టుకునే తోలు ఒరల గురించే రాస్తున్నాను. ఇకపై మేం రెండే రకాలు కుడతాం. .32 రివాల్వర్‌కి ఒకటి, .32 పిస్టల్‌కి ఒకటి. (.32 అంటే తూటా సైజు. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, పిస్టల్‌లో పిడి లోపలికి దూర్చే మ్యాగజైన్ అనే పెట్టెలో ఉంటాయి.) ఏ తుపాకీకైనా సరిపోతుందని అమ్మే మెత్తటి పౌచ్‌లు, చొక్కా మీద కనబడేలా వేసుకునే రకాలు, తూటాలు వరసగా గుచ్చుకునే పటకాలు మానేస్తున్నాం. రేటు కూడా కొంచెం పెరుగుతుంది. కారణాలన్నీ చెబుతాను. కొత్తగా లైసెన్స్ చేతికొచ్చిన ప్రతివాళ్లూ కౌంటర్ దగ్గర నిలబడి అడిగే ప్రశ్న ఒకటుంది: "రోజూ నడుముకి పెట్టుకోవాలంటే రెండింట్లో ఏది తీసుకోమంటారు?" దానికీ జవాబిస్తాను.

తుపాకీ మీరు కొనేది లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర. నాది తోలు పని. మీ ఆయుధాన్ని మా దగ్గర వదిలి వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ తీసుకోను. అందుకే టేకు కర్రతో తుపాకీ ఆకారపు అచ్చులు చెక్కించి పెట్టుకున్నాం. లోపల సీసం పోయించాం కాబట్టి అసలు బరువే ఉంటాయి. కాన్పూర్ నుంచి వచ్చే ఆరు తూటాల .32 రివాల్వర్‌కి ఒక అచ్చు ఉంది. 2023లో కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ తెచ్చిన 'ప్రబల్' రివాల్వర్‌కి ఇంకొకటి ఉంది. పాత మోడల్‌ని మధ్యలో మడిచి తెరిచి తూటాలు వేస్తారు, ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. దాని బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, తూటాలు లేకుండా బరువు 700 గ్రాములు. పిస్టల్‌కి మన దేశంలోనే తయారయ్యే 'అశని' కొలతలతో చేయించిన అచ్చు ఉంది.

యూట్యూబ్ చూసి గ్లాక్ 17, బెరెట్టా 92 అనే విదేశీ పిస్టళ్లకి హోల్‌స్టర్ కావాలని అడిగే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలో ఆ రెండింట్లో ఏది మేలన్న వాదన ఎప్పటికీ తెగదు.  కానీ అవి వాడే 9 ఎంఎం తూటా మన దేశంలో నిషిద్ధ బోర్ (గొట్టం సైజు) కిందికి వస్తుంది. మామూలు లైసెన్స్ మీద అది దొరకదు. ఆ వీడియోల్లో చెప్పే సలహాలు ఇంకో దేశపు చట్టానికీ, ఇంకో వాతావరణానికీ చెప్పినవి. మనలో ఎక్కువమంది ముందున్న ఎంపిక .32లోనే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. రెండింటినీ .32 అనే పిలుస్తాం గానీ వాటి తూటాలు వేరు. రివాల్వర్ తూటా పొడుగ్గా, అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. పిస్టల్ తూటా పొట్టిది. ఒకదాని పెట్టె ఇంకోదానికి పనికిరాదు. అందుకని లైసెన్స్‌లో ఏ ఆయుధం రాశారో చూసుకుని మరీ డీలర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దాచుకోవడం వరకే చూస్తే పిస్టల్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. బల్లపరుపుగా ఉంటుంది, నడుముకి అతుక్కుపోతుంది. రివాల్వర్‌కి మధ్యలో సిలిండర్ ఉబ్బు ఉంటుంది. చెన్నై ఎండకి కోటు వేసుకుని తిరిగేవాళ్లు ఎవరూ లేరు, అందరివీ పల్చటి కాటన్ చొక్కాలే. మొన్న షావుకారుపేట నుంచి ఒక నగల వ్యాపారి వచ్చారు, మన నెల్లూరు వైపు మనిషే. తెల్ల చొక్కా కింద రివాల్వర్ అచ్చు పెట్టి అద్దం ముందు నిలబెడితే సిలిండర్ గుండ్రం అలాగే కనబడిపోయింది. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, "ఏందన్నా, ఊరంతా తెలిసిపోయేట్టుందే" అన్నారు. హోల్‌స్టర్‌ని తుంటి ఎముకకి కాస్త వెనక్కి జరిపి, పిడి ముందుకి వాలేలా పెట్టి, చొక్కా ఒక సైజు వదులుది వేసుకోమన్నాను. స్టూల్ మీద కూర్చోబెట్టాను, వంగి చెప్పు పట్టీ పెట్టుకోమన్నాను, పైఅల్మారాలో డబ్బా అందుకోమన్నాను. చెయ్యి పైకెత్తినప్పుడు చొక్కా అంచు లేస్తోంది, అందుకని ఇంకో రెండంగుళాలు పొడుగున్న చొక్కా కావాలని తేలింది. సఫారీ సూట్ వేసే పెద్దవాళ్లకి ఈ బాధ లేదు.

దాచడం షోకు కోసం కాదు, చట్టం కోసం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం చేతి తుపాకీని బహిరంగ ప్రదేశంలో హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి, పూర్తిగా కప్పి ఉంచాలి, అది మీ అదుపులో ఉండాలి. తీసి ఊపడం, చూపించడం నేరం. అందుకే కనబడే రకాలు మానేశాం. పెళ్లి ఊరేగింపుల కోసం, ఫొటోల కోసం అడిగేవాళ్లకు కూడా కుట్టి ఇవ్వం. 2019లో చట్టం సవరించాక వేడుకల్లో నిర్లక్ష్యంగా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పేలిన తూటా ఎవరో ఒకరి పిల్లల మీదకి దిగుతుంది. ఆ పనికి వాడే తోలు మా చేతుల్లోంచి వెళ్లకూడదు.

ఇలా దాచుకోవడంలో పిస్టల్ గెలిచినా, రోజూ పెట్టుకునేవాళ్లకి నేను రివాల్వరే చెబుతాను. కారణం సాధన. లైసెన్స్ మీద తూటాల కోటా ఉంటుంది, ధర తక్కువేం కాదు, రేంజ్‌కి వెళ్లే తీరిక వ్యాపారం చేసేవాళ్లకి దొరకదు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు కాల్చేవాళ్లే ఎక్కువ. అలాంటి చేతికి పిస్టల్ కష్టం. మ్యాగజైన్, స్లైడ్ (వెనక్కి లాగే పైభాగం), సేఫ్టీ (పేలకుండా ఆపే మీట), ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా పేలే గదిలో) తూటా ఉందా లేదా, ఇవన్నీ టెన్షన్‌లో గుర్తుండాలి. ప్రమాదం ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. మ్యాగజైన్ బయటికి తీసేసి, ఖాళీ అయిపోయిందనుకుంటారు. ఛాంబర్‌లో ఒక తూటా అలాగే కూర్చుని ఉంటుంది. రివాల్వర్‌లో అయితే సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ కళ్లెదుటే ఉంటాయి. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే ఇంకో గది ముందుకి వస్తుంది. హ్యామర్‌ని (తూటాని పేల్చే వెనకవైపు సుత్తిని) వెనక్కి లాగి పెట్టనంతవరకు ట్రిగ్గర్ గట్టిగా, దూరంగా లాగాలి కాబట్టి పొరపాటున వేలు తగిలితే పేలిపోయే భయం తక్కువ. హ్యామర్ లాగిన స్థితిలో మాత్రం దాన్ని హోల్‌స్టర్‌లో పెట్టనే కూడదు.

ప్రతి నెలా తప్పకుండా రైఫిల్ క్లబ్‌కి వెళ్లేవాళ్లు, సర్వీసులో పిస్టల్ వాడి రిటైరైనవాళ్లు పిస్టలే తీసుకోండి. మీ చేతికి ఆ అలవాటు ఉంది, మీ నడుముకి అది సుఖంగానూ ఉంటుంది. మిగతావాళ్లు సిలిండర్ ఉబ్బు గురించి బెంగపడొద్దు, దాన్ని కప్పే బాధ్యత నాది.

మెత్తటి పౌచ్‌లు ఎందుకు మానేశామో కూడా చెప్పాలి. వాటికి గిరాకీ బాగానే ఉండేది, చవక కూడా. కానీ మెత్తటి తోలు కొన్నాళ్లకి నోటి దగ్గర వాలిపోతుంది. తుపాకీ తీశాక తిరిగి పెట్టేటప్పుడు రెండో చేత్తో నోరు తెరవాలి, అంటే ఆ చెయ్యి గొట్టం ముందుకి వస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. మడతపడిన అంచు ట్రిగ్గర్ గార్డ్‌లోకి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియంలోకి) దూరితే, కిందికి నొక్కినప్పుడు వేలు చేసే పనే ఆ తోలు చేస్తుంది. మేం ఇప్పుడు కుట్టేదానికి నోటి చుట్టూ రెండో పొర తోలు వేసి గట్టి పట్టీ చేస్తున్నాం. తుపాకీ తీసినా నోరు తెరుచుకునే ఉంటుంది. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం తోలు లోపలే ఉంటుంది. పైన బొటనవేలితో విప్పే బటన్ పట్టీ వస్తుంది. రివాల్వర్‌కి హ్యామర్ బయటికి ఉంటుంది కాబట్టి చొక్కా చిక్కుకోకుండా దాని వెనక ఒక తోలు రెక్క అదనంగా కుడుతున్నాం.

తోలు కూడా మార్చాం. బ్యాగులకి వాడే క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసింది) మెత్తగా ఉంటుంది, అచ్చు నిలబడదు. దాంట్లో మిగిలే లవణాలు ఇనుముకి మంచివి కావు. హోల్‌స్టర్‌కి ఈరోడ్, దిండిగల్ వైపు నుంచి వచ్చే చెట్టు బెరడుతో ఊనిన (పదును చేసిన) తోలే తెప్పిస్తున్నాం. మన తమిళనాడు పల్లెల్లో ఒకప్పుడు తంగేడు చెక్కతో ఊనేవాళ్లు, ఇప్పుడు వాటిల్ బెరడు వాడుతున్నారు, కరక్కాయ మాత్రం అలాగే ఉంది. ఆ తోలుని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, అచ్చు మీద వేసి, ఎముక పనిముట్టుతో ప్రతి వంపునీ నొక్కుతూ ఆకారం తెస్తాం. తర్వాత నీడలో ఆరాలి. ఎండలో పెడితే పెళుసుగా పగిలిపోతుంది. మైనం రాసిన దారంతో రెండు సూదుల కుట్టు వేస్తాం, ఒకచోట దారం తెగినా మిగతాది ఊడదు. ఈ పనికి రోజులు పడతాయి, ఈ తోలు ఖరీదూ ఎక్కువే. అందుకే పిస్టల్‌ది 2,900, రివాల్వర్‌ది 3,300 రూపాయలు చేశాం.

ఎంత మంచి తోలైనా చెమటని పీల్చుకుంటుంది. ఈ సముద్రపు ఊళ్లో అది ఉప్పు చెమట. ఇంటికి రాగానే తుపాకీ తీసి, ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి లాకర్‌లో పెట్టుకోండి. హోల్‌స్టర్‌లోనే ఉంచి పడుకోవద్దు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో ఆయుధం డిపాజిట్ చేస్తారు కదా, అప్పుడు హోల్‌స్టర్ ఇంట్లోనే ఉంచుకోండి. అన్ని వారాలు తోలులో ఉంటే మచ్చలు పడిపోతాయి. తూటాల పటకాలు ఆపింది కూడా ఇందుకే. ఇత్తడి గొట్టాలు తోలు రింగుల్లో ఉండిపోతే పచ్చటి చిలుము పడుతుంది, అది పట్టిన తూటా ఛాంబర్‌లో ఇరుక్కోవచ్చు.

బెల్టు గురించి అశ్రద్ధ చేయకండి. 700 గ్రాముల తుపాకీ, అందులో ఆరు తూటాలు, ఆఫీసు బెల్టుకి వేలాడదీస్తే సాయంత్రానికి ప్యాంటు ఒక పక్కకి దిగజారుతుంది, హోల్‌స్టర్ బయటికి వాలుతుంది. 38 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు పొరలు కుట్టిన బెల్టు కావాలి. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు బెల్టే కొనండి, హోల్‌స్టర్ వచ్చే నెల తీసుకోవచ్చు.

ఆర్డర్ ఇచ్చేవాళ్లు లైసెన్స్ పుస్తకం తెచ్చి చూపించండి చాలు, జిరాక్స్ అక్కర్లేదు. మీరు రోజూ వేసుకునే చొక్కా, ప్యాంటుతోనే రండి, ఆయుధం ఇంట్లోనే ఉంచి రండి. ఎడమచేతి వాటం వాళ్లు ముందే ఫోన్‌లో చెబితే ఆ అచ్చు సిద్ధంగా ఉంచుతాం. ఈశాన్య వానలు మొదలయ్యాక తోలు సరిగా ఆరదు కాబట్టి అక్టోబర్ నడిమి నుంచి డిసెంబర్ దాకా కొత్త హోల్‌స్టర్ ఆర్డర్లు తీసుకోం. బెల్టులు, కుట్లు ఊడినవాటి రిపేర్లు ఆ నెలల్లో కూడా చేస్తాం. పాత మెత్తటి పౌచ్ మా దగ్గర కొన్నవాళ్లు దాన్ని తెచ్చిస్తే కొత్తదాని రేటులో 500 తగ్గిస్తాం.