నానమ్మ పెట్టె తెరిచావట

చిన్నీ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, తగ్గిందని తనే అంటోంది. చంటిగాడు పరీక్షల టెన్షన్‌లో ఉన్నాడు. నీ ఫోన్ మోగుతోంది కానీ నువ్వు తీయడం లేదు. పని ఎక్కువై ఉంటుందిలే. ఈ ఉత్తరం దాని గురించి కాదు, ఊరికే రాయాలనిపించింది.

మొన్న పెద్దత్త ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు, "నీ కూతురు వాళ్ల నానమ్మ గిల్టు నగల్లో రాళ్లన్నీ పీకి అమ్మేస్తోందటగా" అంది. బుజ్జి చెప్పిందట. బుజ్జికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. పెద్దత్త మాటలో సగం తీసేయాలని మనింట్లో అందరికీ తెలుసు. ఆ మిగతా సగం ఏమిటా అన్నదే నాకు తెగడం లేదు.

పెట్టె నీదే. నానమ్మ నీ చేతికే ఇచ్చింది, ఆ గొడవ అప్పుడే అయిపోయింది. పీకాలనుకుంటే పీకు, నేను వద్దనను. ఏది పీకాలి, ఏది ముట్టుకోకూడదు అన్న సంగతి ఒకటుంది కాబట్టి అంతవరకే చెబుతాను. లెక్చరు ఇవ్వను.

ముందు మసకబారినవి చూడు. ఆ పాత గాజు రాళ్లకి వెనకవైపు పలచటి వెండి పూత, దానిమీద వార్నిష్ లాంటి బంగారు రంగు లక్కర్ ఉంటాయి. మెరుపు చాలావరకు అక్కడిదే. ఎక్కడో చిన్న సందులోంచి చెమ్మ దిగిందంటే ఆ పూత నల్లబడుతుంది, పొరలుగా ఊడుతుంది, రాయి బూడిద రంగుకో పసుపుకో తిరుగుతుంది. అలాంటి రాయిని పైనుంచి ఎంత తుడిచినా వెలుగు రాదు. దాన్ని పీకి దాచుకోవడం శుద్ధ దండగ. అలాగని మసగ్గా ఉన్నదల్లా పోయిందనుకోకు. దీపం కింద పెట్టి పక్కకి వంచి చూడు. మురికైతే పైముఖం మీదే కనిపిస్తుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లని కాస్త తడిపి, బాగా పిండేసి తుడిస్తే పోతుంది. పూతే పోతే రాయి లోపల్నుంచి మచ్చ కనిపిస్తుంది. నీళ్లలో మాత్రం ఏదీ ముంచకు. ఇది నీకు పెద్దత్తే చెప్పాల్సింది, ఆవిడ చెప్పదు కాబట్టి నేను చెబుతున్నాను.

ఆ నెమలి పిన్ను నువ్వు చూసే ఉంటావు, తోకలో నీలం, ఆకుపచ్చ రాళ్లు ఉన్నది. పెళ్లికాక ముందు పెద్దత్త దాన్ని నానమ్మ దగ్గర అడిగి తీసుకుంది. ఎక్కడో తోకలో ఒక్క రాయి రాలింది. ఒక్కటే. అది కనబడకుండా కొంగు సర్దుకుంటే సరిపోయేది. మా అక్క అలా సర్దుకునే మనిషా? బాగుచేసే ముందు శుభ్రం చేద్దామని రాత్రి సబ్బు నీళ్లలో నానబెట్టి పడుకుంది. పొద్దున చూస్తే నీలం రాళ్లలో సగం బూడిద రంగు. అప్పుడైనా ఆగాలా? తన గొలుసులోంచి అదే రంగు రాళ్లు తీసి ఇందులో పెట్టడం మొదలుపెట్టింది. సైజు కంటిచూపుతోనే. గొలుసు రాయి వెంట్రుకవాసి పెద్దది. ఆ వెంట్రుకవాసి కోసం రాయిని పట్టి ఉంచే లోహపు గోర్లు నాలుగూ వెనక్కి వంచి, మళ్లీ ముందుకి వంచింది. అది పెళుసు పోత లోహం, రెండుసార్లు వంచితే విరుగుతుంది. రెండు గోర్లు టపటపా ఊడిపోయాయి. పోనీలే అని, అరక్షణంలో అంటుకునే ఆ జిగురు తెచ్చి అతికించింది. దాని ఆవిరికి చుట్టుపక్కల మంచి రాళ్ల మీద కూడా తెల్లటి పొర పేరుకుంది. ఈలోగా గొలుసుకి బొక్కలు పడ్డాయి కదా, వాటిని పూడ్చడానికి కమ్మల్లోంచి తీసింది. కమ్మల్లోవి గొలుసులో పట్టలేదు. చివరికి నెమలీ పోయింది, గొలుసూ పోయింది, కమ్మలూ పోయాయి. మిగిలిన రాళ్లన్నీ ఒక మందు సీసాలో పోసి నానమ్మకి ఇచ్చేసింది. నానమ్మ ఒక్క మాట అనలేదు. సీసా మూత గట్టిగా బిగించి పెట్టె అడుగున పెట్టింది, అంతే. ఇప్పుడు పెద్దత్త నీ మీద మాట్లాడుతోంది!

ఆ సీసా ఇంకా అక్కడే ఉండాలి. ముందు దాన్ని బయటికి తియ్యి. అందులో బాగున్నవెన్ని, ఏ సైజువి అని చూడకుండా ఇంకో నగ మీద చెయ్యి వేయకు. సైజు కొలిచే నా వెర్నియర్ కాలిపర్ పంపిస్తున్నాను, ఈ ఉత్తరంతో పాటే పార్సిల్లో ఉంటుంది. ఈ రాళ్లకి ఎస్‌ఎస్ అని సైజు నంబర్లుంటాయి. 16వ నంబరు రాయి దాదాపు 4 మిల్లీమీటర్లు, 20వ నంబరు అంతకంటే ముప్పాతిక మిల్లీమీటరు పెద్దది, అంతే తేడా. కంటికి రెండూ ఒకటే.

పీకడానికి పనికొచ్చేవి ఏవంటే, ఎలాగూ బాగుపడనివి. కొక్కెం తెగి, సగం రాళ్లు పోయి, ఆకుపచ్చ చిలుము పట్టి లోహం తినేసినవి. ఆ చిలుము పట్టినవాటిని ముందు వేరే డబ్బాలో పెట్టు, మిగతావాటిని పాడుచేస్తాయి. రెండే రాళ్లు పోయిన నగని మాత్రం విప్పకు. దానికే మిగతావాటి రాళ్లు కావాలి.

ఇంకోటి, విప్పే ముందు వెనక్కి తిప్పి చూడు. పేరు ఉందా, పేరు పక్కన సున్నాలో సి అక్షరం ఉందా అని. 1955లో న్యూయార్క్ కోర్టు ట్రిఫారి కంపెనీ కేసులో గిల్టు నగ డిజైన్‌కి కూడా కాపీరైట్ ఉంటుందని తేల్చింది. ఆ తర్వాతే అమెరికా నగల వెనక ఆ గుర్తు మామూలైంది. వయసు అలా తెలుస్తుంది. స్టెర్లింగ్ (అంటే వెండి) అని ఉంటే ఇంకా జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధంలో తగరం లాంటి లోహాలు సైన్యానికి వెళ్లిపోతే అక్కడివాళ్లు గిల్టు నగలకి వెండి వాడారు. నానమ్మ పెట్టెలో రంగు వెలిసి అందరూ పారేయమన్న ఆ ఆకు పిన్ను అలాంటిదేమో చూడు. రాళ్ల మీద ఇంద్రధనుస్సులా రంగులు కదులుతుంటే ఆ పూత 1950ల మధ్యలో స్వరోవ్స్కీ అనే గాజు రాళ్ల కంపెనీవాళ్లు తెచ్చింది, కాబట్టి ఆ నగ అంతకంటే పాతది కాదు. ఇలాంటి నగ మొత్తంగా ఉంటేనే అడిగేవాళ్లుంటారు. విడి రాళ్లకి ఎవరూ పెద్దగా ఇవ్వరు. అందుకే అంటున్నాను, డబ్బు కోసమైతే ఇది దారి కాదు. డబ్బు కోసమే అని నేను అనడం లేదు. పెద్దత్త అంది.

చూశావా, లెక్చరు ఇవ్వనని మళ్లీ ఇస్తున్నాను. ఇంకొంచెమే.

గోర్లున్న రాయి తీసేటప్పుడు నాలుగూ ఎత్తకు, పక్కపక్కవి రెండు ఎత్తి జార్చు. అతికించిన రాయైతే సూది అంచుతో జిగురు గీకు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ జిగురుని కరిగిస్తుంది కానీ ప్లాస్టిక్ రాళ్లనీ, వెనక లక్కర్‌నీ, ముత్యాల మీది పూతనీ కూడా వదలదు. గాజో ప్లాస్టికో తెలియకపోతే పెదవికి కాదు, చెంపకి ఆనించి చూడు, గాజు చల్లగా తగులుతుంది. పెదవికి ఎందుకు వద్దన్నానంటే, ఆ పాత రాళ్లలో, లోహంలో సీసం ఉంటుంది. అరగదీయకు, రంధ్రాలు వేయకు. పని కాగానే చేతులు కడుక్కో. బుజ్జి కొడుకు వస్తే డబ్బా పైన పెట్టు. కిటికీ తీసి కూర్చో. కళ్లద్దాలు పెట్టుకో, నంబరు మారిందేమో చూపించుకున్నావా? మెడ వంచి గంటలు గంటలు కూర్చోకు, చిన్నప్పుడే నీకు ఆ నొప్పి ఉండేది. రాత్రిపూట అసలు వద్దు. రాత్రి ఒంటిగంటకి నీ ఫోన్ ఆన్‌లైన్‌లో కనబడుతోందని చంటిగాడు చెప్పాడు.

అప్పుడెందుకు మెలకువగా ఉంటున్నావు?

సరే, అడిగేస్తున్నాను. ఉద్యోగం ఉందా? అద్దె కట్టావా? ఉంది, కట్టాను అంటే ఈ ఉత్తరంలో రాళ్ల సంగతి మాత్రమే చదువుకో. లేదంటే పెట్టె మూసి పక్కన పెట్టి నాకు చెప్పు. అమ్మకి ఇప్పుడే చెప్పక్కర్లేదు, అది మనం తర్వాత చూసుకుందాం. ఆదివారం పొద్దున చేస్తాను, ఫోన్ తియ్యి.

నాన్న

తా.క. కాలిపర్ కొంచెం బిగుసుకుంది, బలంగా లాగకు. పార్సిల్లో ఒక కవరు కూడా ఉంది, దాని గురించి పెద్దత్తకి తెలియనివ్వకు.