అడిగినవాళ్ల పిల్లలకే అడ్వాన్స్‌డ్ లెక్కలా?

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్‌లో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలావరకు మీ పత్రికను ఫోన్లో చదువుతాయి. ఆరో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఈ మధ్యే ఇండియా నుంచి వచ్చినవాళ్లకు, ఒక సంగతి తెలియాలని రాస్తున్నాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు డల్లాస్ దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రం పూట అపార్ట్‌మెంట్ల పిల్లలు హోంవర్క్ పట్టుకుని వస్తుంటారు.

ఇక్కడ ఆరో తరగతిలోనే పిల్లల్ని మామూలు లెక్కలు, అడ్వాన్స్‌డ్ లెక్కలు అని విడదీస్తారు. అడ్వాన్స్‌డ్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల్ని రెండేళ్లలోకి కుదించి చెప్పి, ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ (బీజగణితంలో మొదటి కోర్సు) మొదలుపెడతారు. అలా వెళ్లినవాళ్లు మామూలు వేగంతోనే పన్నెండో తరగతికి కాలిక్యులస్ చేరతారు. మిగతావాళ్లు మధ్యలో ఎక్కడో ఒకచోట రెండు కోర్సులు కలిపి చదివితే తప్ప అక్కడికి చేరలేరు. ఇంజినీరింగ్ చదవాలనుకునే పిల్లకు ఇది చిన్న తేడా కాదు.

ఒకప్పుడు ఇందులోకి ఎవరు వెళ్లాలన్నది టీచర్ సిఫార్సు మీద, తల్లిదండ్రులు అడగడం మీద చాలా ఆధారపడేది. అడగడం తెలిసినవాళ్లు అడిగారు. మనవాళ్లు అందులో ముందే ఉన్నారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ రెండు షిఫ్టులు పనిచేసే తల్లికి అసలు అలాంటి క్లాసు ఉందనే తెలియకపోతే ఏం అడుగుతుంది? డల్లాస్ జిల్లా స్కూళ్లు ముందే ఈ పద్ధతి మార్చుకున్నాయి. 2023లో రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది. ఐదో తరగతి లెక్కల్లో పై నలభై శాతంలో ఉన్న పిల్లల్ని స్కూలే అడ్వాన్స్‌డ్‌లో చేర్చాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు చెప్పాలి. నా దృష్టిలో ఇది చాలా మంచి చట్టం.

అయితే మధ్యలో వచ్చిన పిల్లల సంగతి? మా పక్క బ్లాకులో ఒక అమ్మాయి జనవరిలో ఇండియా నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరింది. ఐదో తరగతిలో రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్ష ఇక్కడ రాయలేదు కాబట్టి స్కోరు లేదు. స్కోరు లేదని మామూలు సెక్షన్‌లో వేశారు. తండ్రి వెళ్లి అడిగితే, ముందు పాపను అలవాటు పడనివ్వండి, వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

ఒకరోజు ఆ పాప ముందు, అడ్వాన్స్‌డ్‌లో ఉన్న ఇంకో అబ్బాయి ముందు ఒకే లెక్క పెట్టాను. ఇరవై ఐదు శాతం తగ్గించాక చొక్కా ధర 18 డాలర్లు, అసలు ధర ఎంత? అబ్బాయి చకచకా 18కి ఇరవై ఐదు శాతం కలిపి 22.50 అన్నాడు. పాపకు ఇంగ్లిష్ ప్రశ్న అర్థం కాక నా వైపు చూసింది. తెలుగులో చెప్పాను. కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ఒకటి కొట్టేసి, మిగిలిన మూడు గళ్లు 18 అంటే ఒక్కోటి 6, కాబట్టి 24 అంది. అబ్బాయి తెలివైనవాడే, గళ్లు చూపించగానే పట్టుకున్నాడు. వాణ్ని ఆ క్లాసు నుంచి తీసేయమని నేననను. ఆ పాప కూడా అక్కడ ఉండాల్సిందే అంటాను. నిజానికి ఆల్జీబ్రాకు కావాల్సింది ఆ గళ్లు గీసే ఆలోచనే.

"వచ్చే ఏడు చూద్దాం" అన్న మాటలోనే అసలు చిక్కంతా ఉంది. అడ్వాన్స్‌డ్ ఆరో తరగతిలో ఏడో తరగతి పాఠాలు కొన్ని అయిపోతాయి. వచ్చే ఏడు చేర్చుకున్నా ఆ పాఠాలు తనకు ఎవరు చెబుతారు? పరీక్షలో తప్పితే పాపకు లెక్కలు రావని రాసేస్తారు. చెప్పని పాఠంలో తప్పడం తెలివితక్కువతనం ఎలా అవుతుంది?

కాలిఫోర్నియాలో 2015 నాటి చట్టం ఒకటుంది. తొమ్మిదో తరగతిలో పిల్లల్ని సరైన లెక్కల క్లాసులో వేశారో లేదో మొదటి నెలలోనే మళ్లీ చూడాలంటుంది. అలాంటిది ఇక్కడ ఆరో తరగతికి కావాలి. కొత్తగా వచ్చిన పిల్లకు నెలలోపు పరీక్ష పెట్టాలి, ప్రశ్న అర్థం కాకపోతే సొంత భాషలో చదివి వినిపించాలి. వేసవిలో ఆ మిగిలిన పాఠాలు చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలకు ఆ వేగం మోయలేనంత టెన్షన్‌గా ఉంటే, వద్దని చెప్పే హక్కు 2023 నాటి టెక్సాస్ చట్టమే మీకిచ్చింది, వాడుకోండి. కొత్తగా వచ్చినవాళ్లు పాత స్కూలు మార్కుల కాగితాలు, లెక్కల పుస్తకం వెంట తెచ్చుకుని, పిల్లల క్లాసుల ఎంపిక చూసే స్కూల్ కౌన్సిలర్‌కు చూపించండి. పిల్ల ఐదో తరగతిలో ఏం నేర్చుకుందో స్కూలు తన పద్ధతిలో చూసి కూడా నిర్ణయించడానికి చట్టంలో వీలుంది. స్టార్ స్కోరు లేదన్నది ఆఖరి జవాబు కాదు. నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో అడగండి, జవాబూ అందులోనే ఇమ్మనండి.

స్కూల్ బోర్డు మీటింగుల్లో జనం మాట్లాడడానికి సమయం ఇస్తారు. వచ్చే మీటింగులో మాట్లాడడానికి నేను పేరు ఇచ్చాను. పాప తండ్రి కూడా నాతో వస్తున్నారు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
డల్లాస్ శివారు, టెక్సాస్